రుక్మిణి ఏమైంది?

ఆమిష్ పల్లెల్లో భక్తి, ప్రేమ, అపాయం కలిపి అల్లే అమెరికన్ క్రైస్తవ నవలలు చదువుతుంటే నాకు ధవళేశ్వరం గుర్తొస్తుంది. గోల్డ్‌స్మిత్ 1766 నాటి 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్'దీ ఆ బాణీయే: పల్లెటూరి పాదిరీ, పెళ్లీడు కూతుళ్లు, మోసం, జైలు. వీరేశలింగం దాన్ని తెనిగించబోయి మానేసి, 1878లో 'రాజశేఖర చరిత్రము' మొదలుపెట్టారు. పాదిరీ పోయి ధవళేశ్వరం బ్రాహ్మణ గృహస్థు వచ్చాడు. జ్యోతిషం మీదా, సోదె మీదా విసుర్లు సరే (విమర్శకులు మెచ్చుకున్నదీ అదే), మనచేత పేజీ తిప్పించేది మాత్రం రుక్మిణి. దొంగల దాడిలో పోయిందనుకున్న పిల్ల మగవేషంలో తిరిగొచ్చి ఇంటివాళ్లను ఆదుకుంటుంది! సంస్కరణ నవలంటూ పాఠం చెప్పేవాళ్లు ఈ సరదాని ఎందుకు దాచేస్తారో? 1887లో హచిన్సన్ దీన్ని 'ఫార్చ్యూన్స్ వీల్'గా ఇంగ్లీషు చేస్తే, ఈసారి ధవళేశ్వరం కుటుంబం కష్టాలు లండన్‌లో అచ్చయ్యాయి.