గుర్రం ఆగినప్పుడు



పోయిన శనివారం యౌవనుల కూడిక అయ్యాక నలుగురైదుగురు కుర్రాళ్ళు ఒక ఫోను చుట్టూ మూగి ఉన్నారు. మేమూ తొంగి చూశాము. ఒక అమ్మాయి గుర్రం మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. గుర్రం ముందుకు పోవడం లేదు, వెనక్కి నడుస్తోంది. ఆమె ఏడుస్తూనే కర్రతో కొడుతోంది. "అయ్యగారూ, అచ్చం బిలాము గాడిదే" అన్నాడొకడు. అందరూ నవ్వారు, మేమూ నవ్వాము. ఒక్కడు మాత్రం నవ్వలేదు. "గుర్రాలతో పోటీలు పెట్టడం న్యాయమేనంటారా అయ్యగారూ?" అని అడిగాడు. అప్పటికి ఏదో చెప్పి పంపించేశాము. ఇంటికి నడుస్తుంటే ఆ జవాబు మాకే నచ్చలేదు. అందుకని ఈ వారమంతా చదివి, ఇప్పుడు నిదానంగా రాస్తున్నాము.

ముందు ఆ వీడియో సంగతి. అది 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో జరిగింది. ఆటపేరు మోడర్న్ పెంటాథ్లాన్. కత్తియుద్ధం, ఈత, గుర్రపు స్వారీ, తుపాకీ కాల్చడం, పరుగు, అప్పట్లో ఇవన్నీ కలిపి ఒకే పోటీ. ఆ అమ్మాయి జర్మనీ దేశస్థురాలు అన్నికా ష్లాయ్. ఈత, కత్తియుద్ధం అయ్యేసరికి అందరికంటే ముందుంది. స్వారీలో ఆమెకు చీటీలో వచ్చిన గుర్రం పేరు సెయింట్ బాయ్. అప్పట్లో ఈ ఆటలో ఎవరి గుర్రం మీద వాళ్ళు ఎక్కేవాళ్ళు కాదు. చీటీ తీసి, ముక్కూమొగం తెలియని గుర్రాన్ని ఇచ్చేవాళ్ళు. దానితో పరిచయం చేసుకోడానికి ఇరవై నిమిషాల సమయం ఉండేది. ఆ తర్వాత అడ్డుకట్టలు దూకించాల్సి వచ్చేది. సెయింట్ బాయ్ అంతకుముందే ఇంకొక క్రీడాకారిణి దగ్గర కూడా దూకనని మొరాయించింది. ష్లాయ్ దగ్గరికి వచ్చేసరికే బెదిరిపోయి ఉంది. గట్టు పక్కన నిలబడిన శిక్షకురాలు కొట్టమని అరిచింది, చివరికి తానే చెయ్యి చాచి పిడికిలితో గుర్రాన్ని గుద్దింది. ఆమెను ఆ పోటీల నుంచి పంపించేశారు. స్వారీలో సున్నా రావడంతో ష్లాయ్ మొదటి స్థానం నుంచి 31వ స్థానానికి పడిపోయింది.

ప్రపంచమంతా ఆ అమ్మాయిని తిట్టిపోసింది. మేము తిట్టలేకపోతున్నాము. ఐదేళ్ళు ఎదురుచూసిన పతకం కళ్ళముందే జారిపోతుంటే ఆమె ఏడ్చింది. అయితే ఆ పక్కనే ఇంకొక ప్రాణి కూడా ఉంది. దానికి పతకం అంటే ఏమిటో తెలియదు, ఒలింపిక్స్ అంటే ఏమిటో తెలియదు. తన మీద కూర్చున్నది ఎవరో తెలియదు. తెలిసిందల్లా తనకు భయమేస్తోందని. ఆగిపోవడం తప్ప ఆ మాట చెప్పడానికి దానికి వేరే దారి లేదు.

ఆ ఆట ఎక్కడిదా అని చూస్తే 1912 దాకా వెళ్ళవలసి వచ్చింది. స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో ఈ ఆటను మొదటిసారి పెట్టారు. దాని వెనకున్న ఊహ ఏమిటంటే, శత్రువుల ప్రాంతంలో చిక్కుకుపోయిన సైనికాధికారి దొరికిన గుర్రమెక్కి, కత్తితో, తుపాకీతో పోరాడి, ఏరు ఈది, పరిగెత్తి తన వాళ్ళను చేరుకోవాలి. మంచి కథే. ఆ కథలో గుర్రం ఎవరిదో, దాని పేరేమిటో ఎవరికీ అక్కర్లేదు. యుద్ధాల్లోంచి గుర్రపు దళాలు పోయాయి, ఆ కథ మాత్రం నూరేళ్ళకు పైగా పోటీలో మిగిలిపోయింది.

బిలాము గాడిద అని కుర్రాడు ఊరికే అన్నాడు గాని, సంఖ్యాకాండము 22వ అధ్యాయం మళ్ళీ తీసి చదివితే నవ్వు రాలేదు. గాడిద మూడుసార్లు ఆగింది, మూడుసార్లూ దెబ్బలు తింది. అది ఎందుకు ఆగుతోందో పైన కూర్చున్న ప్రవక్తకు కనబడలేదు. మేము ఈ అధ్యాయం మీద కనీసం పదిసార్లు ప్రసంగించి ఉంటాము. ప్రతిసారీ బిలాము గురించే చెప్పాము. దెబ్బలు తిన్నదాని గురించి ఒక్కసారీ చెప్పలేదు.

చెప్పిన సేవకుడు ఒకాయన ఉన్నాడు. ఇంగ్లండులో షిప్‌లేక్ అనే పల్లెటూరు, మనలాంటి ఊరే అనుకోండి. అక్కడి పాదిరి జేమ్స్ గ్రేంజర్. 1772 అక్టోబరులో ఆయన పుల్పిట్ ఎక్కి, నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని పట్టించుకుంటాడని సామెతలు 12:10లో ఉన్న మాట తీసుకుని, గుర్రాలను, కుక్కలను హింసించడం పాపమని ప్రసంగం చేశాడు. జనానికి ఒళ్ళు మండిపోయింది. పవిత్రమైన వేదిక మీద గుర్రాల ఊసు, కుక్కల ఊసు ఏమిటని గొణిగారు. పాదిరిగారికి మతి చలించిందన్న వాళ్ళూ ఉన్నారు. ఆయన వెనక్కి తగ్గక ఆ ప్రసంగాన్ని అచ్చు వేయించాడు. ఎవరికి అంకితం ఇచ్చాడో తెలుసా? ఏ ప్రభువుకో, బిషప్పుకో కాదు. తన బండి గుర్రాన్ని కొడుతూ కనబడిన ఒక బండివాడికి. నాలుగేళ్ళకు, 1776లో, ప్రభువు బల్ల ఇస్తూ ఉండగానే కుప్పకూలాడు, మళ్ళీ కోలుకోలేదు. ఈయన గురించి ఇన్నేళ్ళూ మాకు తెలియకపోవడం మాకు సిగ్గుగానే ఉంది.

ఆ తర్వాత యాభై ఏళ్ళకు 1822లో, గాల్వే ప్రతినిధి రిచర్డ్ మార్టిన్ పట్టుదలతో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. గుర్రాలను, గాడిదలను, ఎద్దులను, ఆవులను, గొర్రెలను క్రూరంగా హింసిస్తే జరిమానా వేస్తారు, కట్టలేకపోతే జైలు. చట్టమైతే వచ్చింది, పట్టించే వాళ్ళేరీ? అప్పుడు లండన్‌లోని ఆర్థర్ బ్రూమ్ అనే పాదిరి పూనుకున్నాడు. 1824 జూన్ 16న ఒక కాఫీ దుకాణంలో కొందరిని సమావేశపరిచి జంతుహింస నివారణ సంఘం మొదలుపెట్టాడు. ఆ దుకాణం పేరు ఓల్డ్ స్లాటర్స్. స్లాటర్ దాని మొదటి యజమాని పేరే గాని, ఆ మాటకు వధ అని అర్థం! బానిస వ్యాపారం మీద పోరాడిన విల్బర్‌ఫోర్స్ కూడా ఆ రోజు వచ్చాడు. బ్రూమ్ తన విచారణలోని గుడినే వదులుకుని ఈ పనిలో దిగాడు. తనిఖీదార్లకు జీతాలివ్వాలి, చందాలు చాలలేదు. సంఘం అప్పులకు పూచీ ఆయనే కాబట్టి 1826లో ఆయన్ను జైల్లో వేశారు. సంఘం నిలబడింది. 1840లో విక్టోరియా రాణి దానికి 'రాయల్' అనే బిరుదు ఇచ్చింది. అప్పటికి బ్రూమ్ చనిపోయి మూడేళ్ళు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాటేయకూడదు. రోడ్డు మీద బండిగుర్రాన్ని కొట్టేవాడు ఆ చట్టానికి దొరికేవాడు. వాడు పేదవాడు, కూలికి గుర్రాన్ని తోలుకునేవాడు. మరి దొరల పందాల సంగతి? చట్టం వచ్చిన పదిహేడేళ్ళకే, 1839లో, లివర్‌పూల్ దగ్గర ఐన్‌ట్రీలో గ్రాండ్ నేషనల్ అనే పందెం మొదలైంది. సుమారు ఏడు కిలోమీటర్ల దూరం, మధ్యలో ముప్పైసార్లు కంచెలు దూకాలి. ఆ మొదటి పందెంలోనే కెప్టెన్ బీచర్ అనే రౌతు గుర్రం మీద నుంచి వాగులో పడ్డాడు. ఆయన లేచి వచ్చాడు, ఆ కంచెకు ఈనాటికీ ఆయన పేరే. అదే పందెంలో ఒక గుర్రం పడింది, దాన్ని లేపి మళ్ళీ ఎక్కి తోలారు, మళ్ళీ పడి చనిపోయింది. దాని పేరు డిక్టేటర్. ఆ పేరుతో ఏ కంచే లేదు.

గ్రాండ్ నేషనల్ చరిత్ర చదువుతుంటే ఒకే సంగతి మళ్ళీ మళ్ళీ ఎదురైంది. 1954లో నాలుగు గుర్రాలు చనిపోయాయి, గొడవ అయ్యింది, కొన్నేళ్ళకు నిటారుగా ఉన్న కంచెలను ముందువైపు ఏటవాలుగా చేశారు. 1989లో బీచర్ వాగు దగ్గర రెండు చనిపోయాయి, అప్పుడు ఆ గుంటను పూడ్చి నేల చదును చేశారు. 2011లో రెండు, 2012లో రెండు. 2013లో కంచెల లోపలున్న కర్ర దుంగలను తీసేసి వంగే ప్లాస్టిక్ పెట్టారు. ఆ తర్వాత 2018 వరకు ఆ పందెంలో ఒక్క గుర్రమూ చావలేదు. అంటే కట్టె తీసి ప్లాస్టిక్ పెట్టడం అంత పనిచేసింది! అది ముందే ఎందుకు చెయ్యలేదు? 2019లో మళ్ళీ ఒకటి పోయింది, 2023లో ఇంకొకటి. 2024 నుంచి నలభైకి బదులు 34 గుర్రాలనే పరిగెత్తిస్తున్నారు. మార్చిన ప్రతిసారీ పందెం రుచి పోయిందన్నవాళ్ళు ఉన్నారు. జనం రావడం మానలేదు.

చర్నాకోల సంగతి కూడా అంతే. బ్రిటన్‌లో 2023 నుంచి కంచెల పందెంలో ఏడు దెబ్బలకు, చదును పందెంలో ఆరు దెబ్బలకు మించకూడదు. మరీ మించితే గెలిచినా గెలుపు పోతుంది. మెత్తని పొర చుట్టిన కోలే వాడాలి. నార్వేలో 1982లోనే పరుగు కోసం గుర్రాన్ని కొట్టడం మాన్పించారు. అక్కడ పందాలు ఆగిపోలేదు. మరి ఆరు న్యాయం, ఏడు అన్యాయం అని ఎలా తేల్చారో మాకు బోధపడలేదు. అయినా లెక్క లేకపోవడం కంటే లెక్క ఉండడం నయమే.

అవతలి పక్షం వాళ్ళ మాట కూడా వినాలి. పందెపు గుర్రాన్ని చూసుకున్నట్టు మనలో చాలామంది ఇంట్లో ముసలివాళ్ళను కూడా చూసుకోరు, ఇది ఒప్పుకోవాలి. వేళకు దాణా, మాలీషు, పశువైద్యుడు. పందెం లేకపోతే ఇంత ఖర్చు పెట్టి గుర్రాన్ని ఎవరు పెంచుతారని వాళ్ళు అడుగుతారు. గుర్రానికి పరుగంటే ఇష్టమని కూడా అంటారు. రౌతు పడిపోయాక కూడా ఖాళీ జీనుతో మిగతా గుర్రాల వెంట పరిగెత్తే గుర్రాన్ని సాక్ష్యంగా చూపిస్తారు. అది నిజమే. గుర్రం పరుగెత్తే జీవి, మంద విడిచి ఉండలేని జీవి. యోబు గ్రంథంలో దేవుడు గుర్రాన్ని వర్ణించిన చోట దాని ఉత్సాహం చూస్తే ఎవరికైనా ఒళ్ళు పులకరిస్తుంది. అయితే మందతో పరిగెత్తడం వేరు, కాలు నొప్పిగా ఉన్నా పరిగెత్తడం వేరు. ఇంకొక సంగతి, గుర్రం కుక్కలా కుయ్యోమనదు. పులి వాసన వస్తే పారిపోయి బతికిన జాతి అది, నొప్పిని పైకి చూపిస్తే ముందు తననే పట్టుకుంటారు. అందుకని దాచుకుంటుంది. దాని మౌనాన్ని మనం ఇష్టమని లెక్కగట్టుకుంటాము.

2024లో పారిస్ ఒలింపిక్స్‌కు ముందు ఒక పెద్ద క్రీడాకారిణి, ఆరు ఒలింపిక్ పతకాలున్న ఆమె, శిక్షణ ఇస్తూ గుర్రం కాళ్ళ మీద పదే పదే కొట్టిన పాత వీడియో బయటపడింది. ఆమె తప్పు ఒప్పుకుని పోటీల నుంచి తప్పుకుంది, ఏడాది నిషేధం పడింది. ఒప్పుకున్న మనిషి పేరు ఇక్కడ మళ్ళీ ఎత్తదలచుకోలేదు. మమ్మల్ని ఆపింది మరొకటి. ఆ గుర్రాన్ని కొట్టింది పోటీలో కాదు, ఎవరూ చూడని చోట. పోటీ రోజున కెమెరాలున్నాయి, వైద్యులున్నారు, దెబ్బలకు లెక్క ఉంది. మిగతా రోజుల్లో గుర్రం పక్కన ఉండేది దాన్ని గెలిపించాలనుకునే మనిషి ఒక్కడే.

కాబట్టి ఆ కుర్రాడికి మేము ఇవ్వవలసిన జవాబు ఇది. గుర్రమెక్కడం పాపమని మేము అనము. రౌతు, గుర్రం ఏళ్ళ తరబడి కలిసి పెరిగి, ఒకరి భయం ఒకరికి తెలిసి చేసే స్వారీ కూడా ఉంది. కాని గుర్రం ఆగినప్పుడు ఆగనివ్వని పోటీ న్యాయం కాదు. ఆగితే పతకం పోతుందని తెలిసినా ఆగనివ్వగలిగిన మనిషి ఉన్న చోటే అది న్యాయంగా ఉంటుంది. అలాంటి మనుషులు ఎంతమంది ఉన్నారో పతకాల పట్టికలో కనబడదు. పెంటాథ్లాన్ పెద్దలైతే ఆ ఏడాది నవంబరులోనే తేల్చేశారు. పారిస్ తర్వాత ఆ ఆటలో గుర్రం ఉండదు. 2028లో లాస్ ఏంజిలిస్‌లో అడ్డంకులను మనుషులే తమ కాళ్ళతో దాటుతారు.

ఇంతా రాశాక మా సంగతి దాచడం బాగుండదు. మన ప్రాంతంలో సంక్రాంతికి బండలాగుడు పోటీలు జరుగుతాయి, మీకు తెలియనిది కాదు. ప్రతి ఏడూ ముందు వరుసలో మాకు కుర్చీ వేస్తారు. రెండేళ్ళ క్రితం మన సంఘ సహోదరుడే ఒకరు తన జత మీద చెయ్యి ఉంచి ప్రార్థన చెయ్యమంటే చేశాము, గెలవాలనే చేశాము. చివరి నిమిషంలో ఎడమవైపు ఎద్దు మోకాళ్ళ మీద కూలబడింది. దాని తోక పట్టుకుని మెలిపెట్టి లేపారు. మేము చప్పట్లు కొట్టాము. లండన్ దొరల గురించి ఇంతసేపు రాసిన చేతులే అవి.

నిన్న సాయంత్రం ఆ సహోదరుడి ఇంటికి వెళ్ళి ఇదంతా చెప్పాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "మరి అప్పుడు ఆపమని ఎందుకు చెప్పలేదు అయ్యగారూ?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. వచ్చే శనివారం యౌవనుల కూడికకు ఆయన కూడా వస్తానన్నారు. వచ్చేటప్పుడు చర్నాకోల తెమ్మన్నాము. ఆ ప్రశ్న అడిగిన కుర్రాడు తప్పకుండా రావాలి.