రేవు లేని తీరానికి రాజిచ్చిన అభయం

చినగంజాం దగ్గర మోటుపల్లి వీరభద్రస్వామి గుళ్లో ఒక రాతి స్తంభం ఉంది. దానిమీద క్రీ.శ. 1244 నాటి కాకతి గణపతిదేవుడి శాసనం. తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా వెనకటి రాజులు బలవంతంగా లాక్కునేవారట. ప్రాణం కన్నా ధనమే గొప్పదనుకుని సముద్రానికి తెగించే వర్తకుల మీద దయతో, కీర్తికీ పుణ్యానికీ ఆశపడి, సుంకం తప్ప తక్కినదంతా వాళ్లకే వదిలేస్తున్నామని గణపతిదేవుడు చెక్కించాడు. ఇకమీదట దోచుకోబోమని ఒక ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోవడం నాకు భలే నచ్చింది. అయితే పగిలిన ఓడల సంగతి శాసనానికెక్కాల్సినంత గడ్డు తీరమా ఇది? ఆ ప్రశ్న వెంటపడితే తేలింది మంచుయుగంలో.

సుమారు 20 వేల ఏళ్ల కిందట సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. ఇవాళ నిజాంపట్నం బోట్లు వేటాడే చోట అప్పుడు పొడినేల. దాన్ని కోసుకుంటూ కృష్ణ ఇంకా తూర్పుకు పోయేది. మంచు కరిగాక నీరు పైకెక్కి నదీలోయల్లోకి చొరబడింది. స్పెయిన్‌లోని గలీసియా తీరంలో అలా మునిగిన లోయలు నేటికీ సన్నటి పొడుగాటి అఖాతాలుగా ఉన్నాయి. వాటిని రియాలంటారు. సిడ్నీ హార్బరూ, అమెరికాలోని చెసపీక్ బే కూడా ఆ జాతివే. మనకు దగ్గరి పోలిక విశాఖ. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున గెడ్డ నీరు సముద్రంలో కలిసే పల్లాన్ని తవ్వి లోపలి హార్బరు చేశారు. 1933 అక్టోబరు 7న అందులోకి తొలి ఓడ 'జలదుర్గ' వచ్చింది.

మరి కృష్ణ లోయ ఏమైంది? కృష్ణే పూడ్చేసింది. సముద్రమట్టం నిలకడకు వచ్చిన ఈ ఆరేడు వేల ఏళ్లలో దక్కను ఒండ్రు మోసుకొచ్చి నింపి, ఇంకా ముందుకు జరిగింది. రేపల్లె వైపు మాగాణి అంతా ఆ పూడికే. గుంటూరు, నరసరావుపేట మెట్టల పత్తి, మిరప చేలకు ఈ కథతో సంబంధం లేదు. సముద్రం అంత దూరం ఎక్కలేదు. పొన్నూరు నుంచి సూర్యలంకకు వెళ్తుంటే వరిచేల తర్వాత బాపట్ల దగ్గర ఇసుక మెరక తగులుతుంది. దానిమీద జీడిమామిడి, సరుగుడు తోటలు. అవతల మళ్లీ పల్లం, తడినేల. ఈ మెరకలు ఒకప్పటి ఒడ్డులు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడల్లా ఒకటి మిగిలిపోయింది. వేటపాలెం ఇసుకల్లో కాసిన జీడిపప్పు తినేవాళ్లు తింటున్నది పాత బీచి పంటే.

అలా తీరం గీత గీసినట్టు తయారైంది. గుండ్లకమ్మ లాంటి చిన్న ఏరు మొగ దగ్గర ఇసుక మేట వేస్తే పెద్ద ఓడకు దారేదీ? ఒడ్డుకు దూరంగా లంగరేసి, చిన్న పడవల్లో సరుకు దించుకోవాలి. కార్తీకంలో తుఫాను పట్టుకుంటే తలదాచుకోవడానికి కొండ చాటు కూడా లేదు. ప్రకృతి ఇవ్వని ఆశ్రయాన్ని గణపతిదేవుడు శాసనంతో ఇవ్వబోయాడు.

సుంకమైనా ఎంత? ముప్ఫయింట ఒక వంతు. గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పట్టు, మిరియాలు, పోకలకు విడిగా రేట్లు రాయించాడు. మిరప మాత్రం లేదు. అది అమెరికా ఖండం దాటి రావడానికి ఇంకా రెండున్నర శతాబ్దాలు పడుతుంది. శాసనం తర్వాత సుమారు యాభై ఏళ్లకు మార్కోపోలో ఈ మోటుపల్లి రేవు గురించి రాశాడు. ముత్ఫిలి అని పేరు పెట్టి, సాలెగూడంత పల్చటి బట్టలు నేస్తారని మెచ్చుకున్నాడు. గణపతిదేవుడి కూతురు రుద్రమదేవిని ఆయన భార్యను చేసేశాడు. పైగా పాములున్న లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే వాటికి అంటుకున్న వజ్రాలను గద్దలు పైకి తెస్తాయట! ఆయన ఎక్కడున్నాడో మరిచిపోయి ఎవరి కథో ఇక్కడ తగిలించాడని నా అనుమానం.

1358లో అనవోతారెడ్డి ఈ రేవును మళ్లీ లేపాడు. ముకుళపురమని పేరూ పెట్టాడు. ఆ తర్వాత వర్తకం ఎటో జరిగిపోయింది. 1606లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్ల 'గ్లోబ్' ఓడ దిగింది నిజాంపట్నంలో. చివరికి సముద్రాన్ని నమ్మడం మానేసి, పెదగంజాం నుంచి మద్రాసు దాకా తీరం పక్కనే బకింగ్‌హాం కాలువ తవ్వుకున్నారు. దాన్నీ మనం గాలికొదిలేశాం.

ఒండ్రు వల్ల రేవు పోయిందని చింత ఉంటే ఉండనీ, మనకు అన్నం పెట్టింది ఆ ఒండ్రే. ఇప్పుడది నాగార్జునసాగర్, శ్రీశైలం జలాశయాల అడుగునే ఆగిపోతోంది. డెల్టా అంచు అక్కడక్కడా కోతకు గురవుతోంది. కట్టలు కట్టినప్పుడు ఎకరాల లెక్కే వేశాం గాని సముద్రం వాటా ఎవరూ గుర్తుచేసుకోలేదు. నేల కింద నీళ్లదీ సముద్రం కథే. తీరం దగ్గరి పర్ర భూముల్లో బోరు దించితే చాలాచోట్ల ఉప్పునీరే పడుతుంది. ఇవాళ్టి సముద్రం లోపలికి రావడం ఒక కారణమైతే, వేల ఏళ్ల కిందటి సముద్రం ఆ బురద పొరల్లో ఇంకా చిక్కుకుని ఉండటం ఇంకొకటి. రైతులు ఆ నీటితో వరి కాక రొయ్యలు పెంచుతున్నారు.