పరిశుద్ధ దేశ యాత్ర

పరిశుద్ధ దేశ యాత్ర యనగా బైబిలునందు వర్ణితములైన స్థలములను, విశేషించి యేసుక్రీస్తు జనన, బోధ, మరణ, పునరుత్థానములతో సంబంధించిన బేత్లెహేము, నజరేతు, గలిలయ, యెరూషలేములను దర్శించుటకై క్రైస్తవులు చేయు ప్రయాణము. తెలుగువారు దీనిని యెరూషలేము యాత్ర యనియు, ఇశ్రాయేలు యాత్ర యనియు, హోలీల్యాండ్ టూరనియు వ్యవహరింతురు. ఇస్లాము మతమున హజ్జువలె ఇది విధిగా నేర్పడినది కాదు. అయినను సుమారు 1,800 సంవత్సరములుగా ఈ త్రోవను నడచువారు కరవు కాలేదు. గ్రంథమున చదివిన మాటను, అది జరిగిన చోట నిలిచి మరల చదువవలెనను కోరికయే ఈ యాత్రకు మూలము. దీని చరిత్ర యంతయు ఆ కోరికయొక్క చరిత్రయే.

ఆరంభ దశ

క్రీ.శ. 2వ శతాబ్దమున సార్దీసు బిషప్పైన మెలితో, పాత నిబంధన గ్రంథముల సంఖ్యను, క్రమమును నిశ్చయముగా నెరుగుటకై, ఆ విషయములు జరిగిన దేశమునకే పోయి విచారించి వచ్చెను. 326 ప్రాంతమున కాన్‌స్టంటైన్ చక్రవర్తి తల్లియగు హెలీనా వృద్ధాప్యమున ఈ దేశమును దర్శించెను. ఆ కాలముననే బేత్లెహేములోను, ఒలీవల కొండమీదను ఆలయములు వెలసెను. 335లో యెరూషలేమునందు క్రీస్తు సమాధిపై నిర్మితమైన మహాలయము ప్రతిష్ఠింపబడెను. 333లో ఫ్రాన్సు దేశపు బోర్డో నగరమునుండి బయలుదేరిన అనామక యాత్రికుడొకడు మజిలీలను, వాని నడిమి దూరములను వరుసగా వ్రాసియుంచెను.

ఈ తొలి యాత్రికులలో మిక్కిలి స్మరణీయురాలు ఎగేరియా. పశ్చిమ ఐరోపానుండి వచ్చి 381 మొదలు 384 వరకు ఈ ప్రాంతములయందు సంచరించిన యీ విదుషీమణి, సీనాయి నెక్కి, మోషే వాగ్దత్త దేశమును చూచిన నెబో శిఖరమున నిలిచి, తాను కన్న ప్రతిదానిని స్వదేశమునందలి సోదరీమణులకు లేఖారూపమున వ్రాసెను. ఒక్కొక్క స్థలమును చేరగానే మొదట ప్రార్థన, పిదప ఆ స్థలమునకు సంబంధించిన లేఖన భాగపఠనము, తరువాత తదుచితమైన కీర్తన, మరల ప్రార్థన - ఇది ఆమె పాటించిన క్రమము. శతాబ్దములపాటు మరుగునబడిన ఆ లేఖయొక్క వ్రాతప్రతి 1884లో ఇటలీలోని అరెజ్జో నగరమున బయల్పడెను.

ఆ కాలముననే యాత్రను గూర్చిన విమర్శయు పుట్టెను. నిస్సాకు చెందిన గ్రెగొరీ, స్థలము మారినంత మాత్రమున దేవుడు సమీపింపడని వ్రాసెను. జెరోము సైతము, యెరూషలేమునుండి యెట్లో బ్రిటనునుండియు నట్లే పరలోకమునకు ద్వారము తెరచియున్నదనెను. అయినను ఆయన 386 మొదలు 420లో మరణించువరకు బేత్లెహేముననే నివసించి, బైబిలులో అధికభాగమును లాటిను భాషలోనికి అనువదించెను. స్థలము అనవసరమను జ్ఞానము, స్థలమునందలి ప్రేమ ఒకే హృదయమున ఇమిడియుండగలవని ఆయన జీవితమే చాటుచున్నది.

మధ్యయుగము

638 ప్రాంతమున యెరూషలేము ఖలీఫా ఉమర్‌కు స్వాధీనమయ్యెను. యాత్రలు మాత్రము ఆగలేదు. 1009లో ఫాతిమీ ఖలీఫా అల్ హాకిం ఆజ్ఞచే సమాధి ఆలయము ధ్వంసమై, ఆ శతాబ్దపు మధ్యభాగమున పునర్నిర్మితమయ్యెను. 1099లో క్రూసేడరులను ఐరోపా క్రైస్తవ యోధులు నగరమును రక్తపాతముతో ఆక్రమించిరి. 1187లో సుల్తాను సలాహుద్దీను దానిని మరల గైకొనెను. 1192లో ఆయనకును ఆంగ్లరాజగు రిచర్డునకును కుదిరిన సంధివలన నిరాయుధులైన యాత్రికులకు ప్రవేశము లభించెను. 1342లో పోపు ఆరవ క్లెమెంటు పవిత్ర స్థలముల సంరక్షణమును ఫ్రాన్సిస్కను సన్న్యాసుల కప్పగించెను. వివిధ క్రైస్తవ శాఖలు ఉమ్మడిగా ననుభవించు సమాధి ఆలయపు తాళపు చెవి నేటికిని ఒక ముస్లిం కుటుంబమువారి యొద్ద నుండగా, తలుపు తెరచు బాధ్యత మరియొక ముస్లిం కుటుంబమువారిది.

ఆధునిక దశ

1838లో అమెరికా పండితుడు ఎడ్వర్డు రాబిన్‌సను, స్థానికులైన అరబ్బుల నోట నిలిచిన గ్రామనామముల ఆధారమున బైబిలునందలి ఊళ్లను పెక్కింటిని గుర్తించెను. 1869లో సూయజు కాలువ తెరువబడెను. ఆ సంవత్సరముననే ఆంగ్ల యాత్రా వ్యాపారి థామస్ కుక్ తన తొలి యాత్రిక బృందమును పాలస్తీనాకు కొనిపోయెను. 1892లో యాఫానుండి యెరూషలేమునకు రైలు నడచెను. ఏండ్లు పట్టెడి యాత్ర వారములకు, పిదప దినములకు కుదించుకొనెను.

తెలుగువారు, యాత్ర

తెలుగువారియెడల యాత్రకంటె ముందు గ్రంథము వచ్చెను. సంపూర్ణ తెలుగు బైబిలు 1854లో వెలువడెను. 1878 జులై 3వ తేదీన ఒంగోలు ప్రాంతమున, వెల్లంపల్లి చెంత గుండ్లకమ్మ నదిలో 2,222 మంది ఒక్కదినమున బాప్తిస్మము పొందిరి. సముద్రము దాటి పోజాలని నిరుపేదలకు ఆ గుండ్లకమ్మయే యొర్దాను. సీయోను, బేతేలు, హెబ్రోను మొదలగు పేర్లు మందిరములకు పెట్టబడి, దూరదేశపు ఊళ్లు తెలుగు వాడలలో స్థిరపడెను. హైదరాబాదునందు సువార్తికుడగు బక్త్ సింగ్ నెలకొల్పిన కేంద్రమునకు హెబ్రోను అనియే నామము.

1992లో భారత, ఇజ్రాయెలు దేశములకు పూర్ణ దౌత్యసంబంధము లేర్పడిన పిదప యాత్ర సులభమయ్యెను. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము యెరూషలేము యాత్రికులకు ఆర్థిక సహాయము నారంభించెను; 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ సహాయమును, వార్షికాదాయము 3 లక్షల రూపాయలకు లోబడినవారికి 40,000 నుండి 60,000 రూపాయలకును, మించినవారికి 20,000 నుండి 30,000 రూపాయలకును పెంచెను. 2020లో కరోనా వ్యాధియు, 2023 అక్టోబరునుండి ఇజ్రాయెలు, గాజా యుద్ధమును ఈ యాత్రలకు విఘ్నములయ్యెను.

మాంగోనుండి యెరూషలేమునకు

ఈ యాత్రాభిలాష తెలుగునాటికి వెలుపలనున్న తెలుగువారికిని కలదు. 1907లో స్థాపితమైన టాటా ఉక్కు సంస్థ కర్మాగారమున పనికై తెలుగువారు జార్ఖండునందలి జంషెడ్‌పూరు చేరి, తరతరములుగా ఆ నగరమునందును, స్వర్ణరేఖా నదికి ఆవలి గట్టుననున్న మాంగోయందును నివసించుచున్నారు. వీధిలో హిందీ, పొరుగున బెంగాలీ, ఉర్దూ, సంతాలీ వినవచ్చు ఇట్టి చోట, బడిలో తెలుగు నేర్వని బిడ్డకు ఇంటనున్న తెలుగు బైబిలే అక్షరాభ్యాస గ్రంథము కాగలదు. ఆంధ్ర రాష్ట్ర సహాయము ఆ రాష్ట్ర నివాసులకే గావున, ఇచ్చటి తెలుగు క్రైస్తవునికి యాత్ర స్వార్జితముతో తీర్చుకొనవలసిన మ్రొక్కు. టాటానగర్ స్టేషను అతని తొలి మజిలీ.

నేటి వాడుక ననుసరించి బృందములు విమానమున జోర్డాను రాజధానియగు అమ్మాను చేరి, నెబో కొండను చూచి, వంతెన దాటి యెరికో, బేత్లెహేము, యెరూషలేము, నజరేతు, కానా, గలిలయ సముద్రము దర్శించి, సీనాయి మీదుగా ఐగుప్తునకు పోయి కైరోనుండి తిరిగివత్తురు. బేత్లెహేము ఆలయపు వాకిలి సుమారు 4 అడుగుల ఎత్తు మాత్రమే. ఎంతవారైనను తల వంచియే లోనికి పోవలెను. లోపల మెట్లు దిగినచో, గుహలో నేలమీద, పదునాలుగు కోణముల వెండి నక్షత్రము క్రీస్తు జన్మస్థానమును సూచించును. క్రీస్తు బాప్తిస్మ స్థలమున యొర్దాను నది చిన్న కాలువవలె నుండును. అటు ఒడ్డు జోర్డాను, ఇటు ఒడ్డు వెస్టు బ్యాంకు, నడుమ బురదరంగు నీరు. స్వర్ణరేఖను నిత్యము దాటువాడు ఇంత చిన్న నదియా యని యొకింత విస్మితుడై, తెల్లని వస్త్రము ధరించి మోకాలిలోతు నీటిలోనికి దిగి, సీసాలో ఆ నీటిని పట్టుకొని, సువార్త తెరచి అచ్చటి ఘట్టమును పైకి చదువును. ఎగేరియా పాటించిన క్రమమును తెలియకయే పాటించును.

ఒలీవల కొండమీద, 4వ శతాబ్దపు ఆలయమున్న చోటనే, పరలోక ప్రార్థన పేర నొక మందిరము గలదు. క్రీస్తు శిష్యులకు బోధించిన గుహ యని ప్రసిద్ధమైన ఆ స్థలమున, పరిశుద్ధ వారమందు బిషప్పు సువార్త చదువుట ఎగేరియా వినెను. నేడు ఆ మందిరపు గోడలమీద పెక్కు భాషలలో ఆ ప్రార్థన పింగాణి పలకలపై లిఖితమైయున్నది. వానిలో తెలుగు పలకయు నొకటి. మాంగోలో తల్లి ఒడిలో కూడబలుకుకొని నేర్చిన అక్షరములు ఆ గోడమీద కనబడినపుడు, అతడు వెదకవలసినదేమియు లేదు. వ్రేలితో వరుస వెంబడి చూపుచు చదువుటయే మిగిలియున్నది.