పాపపుణ్యాల లెక్క ఏ వయసు నుంచి?

నిజామాబాద్ జిల్లాలో మాక్లూర్ నుంచి బోధన్ దాకా వరి, పసుపు, చెరకు పండే ఊళ్లలో క్రైస్తవ కుటుంబాలది ఒకే ఆచారం కాదు. ఒక ఇంట్లో చంటిపిల్లకే బాప్తిస్మం అయిపోతుంది. పక్కింట్లో పదహారేళ్ల కుర్రాణ్ని చూపించి, "వాడు ఇంకా రక్షణ పొందలేదండీ" అంటారు. రెండిళ్లలోనూ చదివేది ఒకటే తెలుగు బైబిలు. తన పాపానికి తానే జవాబు చెప్పుకోవలసిన వయసు ఏదన్న దగ్గరే పేచీ అంతా.

బైబిలు ఈ పేచీ తీర్చదు. ద్వితీయోపదేశకాండం మంచిచెడ్డలు తెలియని పసివాళ్లను వాగ్దాన దేశంలోకి పోనిస్తుంది. సంఖ్యాకాండంలో ఎడారి శిక్ష ఇరవై ఏళ్లు, ఆపైబడ్డవాళ్లకు. లూకా సువార్తలో యేసు పన్నెండో ఏట దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుంటాడు. వీటిలో ఎవరికి నచ్చిన వచనం వాళ్లు పట్టుకున్నారు. పన్నెండేళ్లని గట్టిగా చెప్పే ప్రసంగీకులు చాలామంది ఉన్నారు కానీ, ఆ హద్దు గీసిన వాక్యం మాత్రం గ్రంథంలో ఎక్కడా లేదు.

అంకె రాసిపెట్టింది రోమే. 1215 నాటి లాటరన్ మహాసభ, వివేకం వచ్చిన ప్రతివాడూ ఏడాదికొకసారైనా పాపసంకీర్తనం చేయాలని శాసించింది. వివేకం ఎప్పుడొస్తుందో చెప్పలేదు. దాంతో చాలాచోట్ల పిల్లల తొలి సత్ప్రసాదం పది, పన్నెండేళ్ల దాకా వాయిదా పడేది. 1910లో పదో పయస్ పోపు దాన్ని సుమారు ఏడేళ్లకు దించాడు. రోమన్ చట్టంలోనూ ఏడేళ్ల లోపు పసితనమే. మన 1860 నాటి శిక్షాస్మృతి 82వ సెక్షన్ కూడా ఏడేళ్ల లోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదంది. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అది 20వ సెక్షన్. ఏడు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల విషయంలో, చేసిన పని ఎలాంటిదో తెలిసే బుద్ధి వచ్చిందా లేదా అని కోర్టు చూడాలి. పాస్టర్లు తలపట్టుకునేదీ సరిగ్గా ఆ మధ్య ఏళ్ల గురించే.

తెలుగు నేల మీద మాత్రం ఈ ప్రశ్నకు వేదాంతం కంటే ముందు మతంలోకి వచ్చిన తీరే జవాబు చెప్పింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టులు చంటిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చేవారు కాదు. కరవు పనుల్లో కూలి కోసం వచ్చారన్న మాట పడకూడదని, ఆ పనులు నడిచినన్నాళ్లు వాళ్ల మిషనరీ జాన్ క్లౌ బాప్తిస్మాలే ఆపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఆరుగురు బోధకులు ఒక్కరోజే 2,222 మందిని నీళ్లలో ముంచి లేపారు. నోటితో విశ్వాసం ఒప్పుకోగలిగినవాళ్లకే ఆ బాప్తిస్మం. ఒడిలో పిల్లలు ఒడ్డునే ఉండిపోవాలి.

నిజామాబాద్ దారి వేరు. ఇక్కడికి వచ్చింది వెస్లియన్ మెథడిస్టులు. మెదక్‌లో చార్లెస్ పోస్నెట్, డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు ఆసుపత్రి పెట్టిన ఇసబెల్, జార్జి కెర్ దంపతులు ఆ మిషన్ వాళ్లే. మాల, మాదిగ వాడలు కులపెద్దలతో కలిసి కదిలినప్పుడు ఇల్లు ఇల్లంతా బాప్తిస్మం తీసుకుంది, చంకలో పిల్లతో సహా. వాడంతా ఒకవైపు నిలబడి, నెలల పిల్లాణ్ని ఇంకోవైపు వదిలేయడం ఎవరి ఊహకూ వచ్చి ఉండదు. అది బలహీనత అన్న విమర్శ ఉంది. నిజమే, కానీ వాడ బతుకు తెలిసినవాళ్లు అంత తేలిగ్గా కొట్టిపారేయలేరు. మెదక్ డయోసిస్‌లోని జంగరాయి చుట్టుపక్కల పల్లెలను చూసి పి.వై. లూక్, జాన్ కార్మన్ 1968లో అచ్చువేసిన పుస్తకం, బాప్తిస్మం అయినవాళ్లు ఊరి పండుగలను వదలకుండానే ఎలా బతికారో చెబుతుంది.

చంటితనంలోనే బాప్తిస్మం అయిపోయింది కాబట్టి లెక్క రెండో మెట్టు మీదికి జరిగింది. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడ్డాక, ఆంగ్లికన్ల కన్ఫర్మేషన్ మెథడిస్టు పల్లెలకూ వచ్చింది. ముందు కొన్ని వారాల క్లాసు: పది ఆజ్ఞలు, పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం కంఠతా రావాలి. పాస్టరు ఒక్కొక్కరినీ నిలబెట్టి అడుగుతాడు. బిషప్ వచ్చే రోజు తెల్ల ఓణీ తల మీద వేసుకున్న అమ్మాయిలు వరసలో మోకరిస్తారు. చిన్నప్పుడు తల్లిదండ్రులు తన తరఫున చేసిన ప్రమాణాన్ని ఆ పిల్ల తన నోటితో తాను చేస్తుంది. ఆ తర్వాతే ప్రభు భోజనం. వయసు అంకె పాస్టరు నోట రాదు. "చెప్పింది అర్థమైందా బిడ్డా?" అనే అడుగుతాడు. ఏడు, పన్నెండు అని గీత గీయడం కంటే ఈ పద్ధతే నిజాయితీగా కనిపిస్తుంది. అర్థం కాకపోయినా అప్పజెప్పేసే పిల్లలు ఎప్పుడూ ఉంటారు, అది వేరే సంగతి.

ఈలోగా సువార్తికుడు భక్త్‌సింగ్ హైదరాబాద్ హెబ్రోను నుంచి సహవాసాలు కట్టుకుంటూ వచ్చారు. స్వయంగా నమ్మినవాడే నీళ్లలో దిగాలన్నది వాళ్ల మాట. పెంతెకొస్తు సంఘాలదీ అదే మాట. పసితనంలో బాప్తిస్మం అయిన యువకులు చెరువులోనో కాలువలోనో మళ్లీ మునిగారు. బాప్తిస్మం ఒక్కసారేనని సీఎస్ఐ వాదిస్తూనే ఉంది. మధ్యలో నలిగింది తల్లులు. పసిగుడ్డు బాప్తిస్మం లేకుండా పోతే గతేమిటన్న భయం వాళ్లది. ఆ పిల్లల రక్షణకు ఆశ ఉందని వాటికన్ వేదాంత సంఘం ఒక పత్రంలో రాసింది కూడా 2007లోనే.

పాత పాస్టరేట్లలో బాప్తిస్మ రిజిస్టరు, కన్ఫర్మేషన్ రిజిస్టరు పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ ఊళ్లో ఏ వయసును వివేకంగా ఎంచారో తేదీలతో సహా బయటపడుతుంది. ఇది ఇంకొకరు వచ్చి చేసే పని కాదు. మీ సంఘం బీరువాలో అలాంటి పుస్తకాలుంటే, చెద పట్టకముందే ఫోటోలు తీసి పెట్టండి.