తెర ఎక్కడ కట్టారు?

1983లో హైదరాబాద్‌లో అరగంట కూడా లేని సినిమా ఒకటి తయారయింది. పేరు 'ఇది కథ మాత్రమేనా?'. యుగాంతర్ అనే ఫిలిం బృందం, స్త్రీశక్తి సంఘటన కలిసి తీశారు. భర్త హింస, ఎవరితోనూ చెప్పుకోలేని ఒంటరితనం, ఇంకో ఆడమనిషితో కుదిరిన స్నేహం - ఇదీ అందులో విషయం. రాసిచ్చిన డైలాగులు అప్పజెప్పడం కాకుండా, సంఘటన సభ్యులు తమలో తాము చర్చించుకుంటూ సన్నివేశాలు అల్లుకుని నటించారు. భర్త, అత్తవారి క్రూరత్వాన్ని నేరంగా గుర్తించిన 498ఎ సెక్షన్ శిక్షాస్మృతిలోకి వచ్చింది కూడా ఆ ఏడాదే. తెలుగు సినిమా చరిత్రలో 1983 అంటే మనకు గుర్తొచ్చేవి వేరే పేర్లు. వాటి పక్కన ఈ పేరు ఎవరూ రాయరు.

రాయకపోవడానికి కారణం ఉంది. ఇలాంటి సినిమాలకు థియేటరు లేదు, విడుదల తేదీ లేదు, వంద రోజుల పోస్టరు లేదు. అవి బతికింది చిన్న ప్రదర్శనల్లో, వాటినుంచి పుట్టిన చిన్న ఫెస్టివల్స్‌లో. ఫెస్టివల్ చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా ఏ సినిమాలు వేశారు, ఎవరికి బహుమతులొచ్చాయి అని రాస్తారు. ఆడవాళ్ల వైపు నుంచి చూస్తే ఆ ప్రశ్నలు చాలవనిపిస్తుంది. తెర ఎక్కడ కట్టారు? ఎవరు దాని ముందు కూర్చున్నారు? బొమ్మ అయిపోయాక ఎవరు మాట్లాడారు? ఈ మూడూ అడగనిదే ఈ చరిత్ర పట్టుబడదు.

యుగాంతర్ 1980లో మొదలయింది. హైదరాబాద్‌లో పుట్టిన దీపా ధన్‌రాజ్, ఆభా భయ్యా, మీరా రావు, ఛాయాగ్రాహకుడు నవరోజ్ కాంట్రాక్టర్ అందులో ఉన్నారు. మొదటి సినిమా 'మోల్కరీణ్' (1981) పూణేలో ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు సంఘంగా ఏర్పడడం గురించి. రెండోది 'తంబాకు చాకిల ఊబ్ అలీ' (1982), కర్ణాటకలోని నిపాణి పొగాకు ఫ్యాక్టరీల కార్మిక స్త్రీలది. నిపాణిలో బృందం నెలల తరబడి ఉండి, వాళ్లు చెప్పింది విన్నాకే కెమెరా తీసింది. వాళ్లు తమ సమ్మె రోజుల్ని తామే మళ్లీ నటించి చూపారు. ఆ రెండు సినిమాల్లోనూ కూలి ఎంత, గొంతులో పొగాకు దుమ్ము ఎంత, యజమాని చెయ్యి ఎక్కడెక్కడ పడుతుంది అన్నవి ఒకే మాటల్లో వస్తాయి. అప్పట్లో వర్గమా, స్త్రీ సమస్యా అని మన సభల్లో గంటలు గంటలు వాదించుకునేవాళ్లం. ఆ కార్మిక స్త్రీలకు ఆ విభజనతో పని పడలేదు.

ఇవన్నీ 16 ఎంఎం ఫిలిం మీద తీసినవి. పాతికేళ్ల లోపు వాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్పాలి. 16 ఎంఎంలో నిమిషానికి 36 అడుగుల ఫిలిం తిరుగుతుంది. పాతిక నిమిషాల సినిమా అంటే 900 అడుగుల రీలు. ప్రింటు ఖరీదు కాబట్టి ఎక్కువ కాపీలుండవు. ప్రొజెక్టర్ ఇనప్పెట్టెలా బరువు. తెర కావాలి, లేకపోతే తెల్ల దుప్పటి కావాలి. కరెంటు ఉండాలి. చీకటి పడాలి. చీకటి పడే వేళంటే ఆడవాళ్లు వంట చేసే వేళ కూడా. కాబట్టి బస్తీలో ఒక ప్రదర్శన జరగాలంటే, ఆ సాయంత్రం ఎవరింట్లో వంట ఎవరు చేస్తారు అన్న ప్రశ్న ముందు తేలాలి. సినిమా టైటిల్స్‌లో ప్రొజెక్టర్ మోసినవాళ్ల పేర్లుండవు, పిల్లల్ని ఎత్తుకుని వెనక నిలబడినవాళ్లవీ ఉండవు.

యుగాంతర్ సినిమాలు ఇలాగే యూనియన్లకూ, బస్తీలకూ, మహిళా సంఘాలకూ, కాలేజీలకూ వెళ్లాయి. సినిమా చర్చకు పనిముట్టు, చర్చే అసలు పని. పనిమనుషుల సినిమాను ఇంకో ఊళ్లో పనిమనుషులు చూస్తే, సంఘం పెట్టుకోవడం ఎలా అన్న మాట దగ్గరికి వస్తారు. అదే సినిమాను ఆ పనిమనుషుల్ని పెట్టుకున్న అమ్మగార్ల మధ్య వేస్తే మాట ఇంకో దారి పడుతుంది. అవే 900 అడుగులు, కానీ అది ఒకే సినిమా కాదు.

ఇదే కాలానికి కాస్త ముందు పశ్చిమ దేశాల్లో స్త్రీలు ఫెస్టివల్ అనే రూపాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నారు. 1972 జూన్‌లో న్యూయార్క్‌లో మొదటి అంతర్జాతీయ స్త్రీల సినిమా ఉత్సవం జరిగింది. అదే ఆగస్టులో ఎడిన్‌బరో ఫెస్టివల్‌లో లారా మల్వీ, క్లెయిర్ జాన్‌స్టన్, లిండా మైల్స్ స్త్రీల సినిమాలకు ప్రత్యేక విభాగం ఏర్పాటు చేశారు. యూనివర్సిటీల్లో మనం చదువుకునే స్త్రీవాద సినిమా సిద్ధాంతంలో కొంత భాగం ఆ కార్యక్రమం చుట్టూ జరిగిన చర్చల్లోంచే వచ్చింది. పారిస్ శివారు సోలో 1979లో మొదలైన ఉత్సవం 1985లో క్రెతెయ్‌కి మారి దశాబ్దాల పాటు నడిచింది. స్త్రీలు తీసిన సినిమాలు లేవు అనే మాటకు ఈ ఉత్సవాలు జవాబు చెప్పాయి. ఉన్నాయి, మీరే పెట్టెల్లోంచి తియ్యలేదు అని చూపించాయి.

అయితే నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది 1975 జూన్‌లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జరిగింది. పోలీసుల వేధింపులకు నిరసనగా సెక్స్ వర్కర్లు సెయింట్ నిజియే చర్చిని ఆక్రమించి లోపలే ఉండిపోయారు. కరోల్ రూసోపులోస్ చేతి వీడియో కెమెరాతో లోపలికి వెళ్లి వాళ్ల మాటలు రికార్డు చేసింది. ఆ టేపుల్ని చర్చి బయట వీధిలో టీవీ మానిటర్ల మీద వేశారు. బయటికొస్తే అరెస్టు చేస్తారన్న భయమున్న ఆడవాళ్లు, బయటికి రాకుండానే వీధిలో మాట్లాడారు. దారిన పోయేవాడు వాళ్ల మాటకు అడ్డు తగలడానికి వీల్లేదు, మొత్తం వినాలి లేదా వెళ్లిపోవాలి. టికెట్టు లేదు, జ్యూరీ లేదు. నా లెక్కలో అది కూడా ఫెస్టివలే.

మన దగ్గర 1990లో మధుశ్రీ దత్తా ముంబైలో 'ఎక్స్‌ప్రెషన్' పేరుతో స్త్రీవాద కళోత్సవం నిర్వహించింది. వీడియో చవకబడే కొద్దీ డాక్యుమెంటరీలు పెరిగాయి. చూపించే చోట్లు మాత్రం పెరగలేదు. ఇక్కడ చట్టం సంగతి చెప్పుకోవాలి. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం బహిరంగంగా ప్రదర్శించే ఏ సినిమాకైనా సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి. ఫెస్టివల్స్ సాధారణంగా ప్రభుత్వం నుంచి మినహాయింపు తెచ్చుకుంటాయి. అంటే ఉత్సవం ఎంత స్వతంత్రమైనదైనా మినహాయింపు అనే సన్నని సందులోంచే నడవాలి.

ఆ సందును మూసే ప్రయత్నం ముంబైలో జరిగింది. అప్పట్లో ఫిలిమ్స్ డివిజన్ నడిపిన ముంబై అంతర్జాతీయ ఉత్సవం, 2004లో పాల్గొనే భారతీయ సినిమాలకు సెన్సార్ సర్టిఫికెట్ తప్పనిసరి అంది. విదేశీ సినిమాలకు ఆ నిబంధన లేదు. గుజరాత్ 2002 మీద సినిమాలు వస్తున్న రోజులవి. రెండు వందల మందికి పైగా దర్శకులు ఒక్కటై వ్యతిరేకించడంతో నిబంధన వెనక్కి పోయింది. ఆ తర్వాత ఎంపికలో చూస్తే, ప్రభుత్వానికి ఇబ్బంది కలిగించే సినిమాలు చాలా వరకు ఎగిరిపోయాయి. సెన్సార్ ముందు ద్వారం వదిలి పెరటి ద్వారం నుంచి వచ్చింది. దానికి జవాబుగా 2004 ఫిబ్రవరిలో ప్రభాదేవిలోని భూపేశ్ గుప్తా భవన్‌లో, అధికారిక ఉత్సవానికి దగ్గర్లోనే 'వికల్ప్' నడిపారు. తిరస్కరణకు గురైన రాకేశ్ శర్మ 'ఫైనల్ సొల్యూషన్' అక్కడ ప్రదర్శించారు. అదే ఏడాది సెన్సార్ బోర్డు ఆ సినిమాను నిషేధించి, అక్టోబరులో నిషేధం ఎత్తేసింది. గుజరాత్‌లో ఆడవాళ్ల శరీరాల మీద ఏం జరిగిందో బాధితులే చెప్పే సినిమా అది. దాన్ని చూడొచ్చా లేదా అన్నది ఎవరు నిర్ణయిస్తారన్నది మనకు పక్కింటి సమస్య కాదు.

వికల్ప్ తర్వాత దారి కొంత వెడల్పయింది. 2005 నుంచి ఢిల్లీలో ఆసియా స్త్రీల చిత్రోత్సవం నడిచింది. 2006లో గోరఖ్‌పూర్‌లో 'ప్రతిరోధ్ కా సినిమా' కార్పొరేట్, ప్రభుత్వ డబ్బు తీసుకోకుండా జనం చందాలతో మొదలై ఇతర ఊళ్లకు పాకింది. వీటి విలువ తక్కువ చెయ్యను. కానీ ఢిల్లీ, ముంబై ఉత్సవాల్లో చర్చ మొదలైన అయిదు నిమిషాల్లో ఇంగ్లీషులోకి వెళ్లిపోతుంది. తెర మీద ఏ కూలి స్త్రీ ఉందో, హాల్లో ఆమె లాంటి మనిషి ఒక్కరుండరు. ఆమె గురించి మనం చాలా సున్నితంగా మాట్లాడుకుంటాం.

ఈ దూరానికి జవాబు జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దొరుకుతుంది. 1990ల చివర్లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని స్త్రీలు, ఎక్కువమంది దళితులు, చిన్న కమతాల రైతులు, వీడియో నేర్చుకున్నారు. చాలామందికి చదువు రాదు. కెమెరా భాష పుస్తకంలోంచి రాలేదు కాబట్టి వాళ్లే పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసే షాటు 'పటేల్ షాట్' - దొర కూలీల వైపు చూసేది అలాగే కదా. కళ్లకు సమానంగా ఉండేది 'సంఘం షాట్', సంఘంలో అందరూ నేల మీద సమానంగా కూర్చుంటారు కాబట్టి. కెమెరా కోణానికీ అధికారానికీ ఉన్న సంబంధం మీద మనం ఎన్నో పేజీలు చదివి తెలుసుకున్నది ఈ రెండు పేర్లలో ఉంది. 2002లో బీటీ పత్తి సాగుకు అనుమతి రాగానే వీళ్లు వరంగల్ రైతుల చేలకు వెళ్లారు. వాళ్ల కోపాన్ని, నష్టాన్ని రికార్డు చేసిన సినిమా 2003లో వచ్చి దేశం దాటి తిరిగింది. తియ్యడం, చూడడం, చూసి వాదించడం - ఇక్కడ ఈ మూడింట్లో ఏదీ వాళ్ల చేతుల్లోంచి జారలేదు.

అయినా సందు సన్నగానే ఉంది. 2017 జూన్‌లో కేరళ డాక్యుమెంటరీ ఉత్సవంలో మూడు సినిమాలకు కేంద్ర సమాచార శాఖ మినహాయింపు ఇవ్వలేదు. ఒకటి రోహిత్ వేముల మరణం తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో జరిగిన ఆందోళన గురించి రామచంద్ర తీసినది. ఇంకొకటి జేఎన్‌యూ విద్యార్థుల మీద కాథూ లూకోస్ తీసిన 'మార్చ్ మార్చ్ మార్చ్'. సెన్సార్ మీద అప్పీలుకు ఉండే ట్రిబ్యునల్‌ను 2021లో రద్దు చేశారు. ఇప్పుడు నేరుగా హైకోర్టుకే వెళ్లాలి. అరగంట సినిమా తీసిన మనిషికి ఆ ఖర్చు ఎంతో ఊహించుకోవచ్చు.

యుగాంతర్ సినిమాల్ని బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ పూనిక మీద డిజిటల్‌గా పునరుద్ధరించారు. గీతలు పోయాయి, శబ్దం తేటపడింది. 'ఇది కథ మాత్రమేనా?'లో మన తెలుగు మాటల కింద ఇంగ్లీషు అక్షరాలతో విదేశీ ప్రేక్షకులు చూశారు. ప్రింటు దక్కింది, సంతోషం. కానీ బొమ్మ అయిపోయి దీపాలు వెలిగాక బస్తీల్లో ఆడవాళ్లు అన్న మాటలు ఏ ప్రింటు మీదా పడవు. ఇదే స్త్రీశక్తి సంఘటన తెలంగాణ పోరాటంలోని స్త్రీలను వెతుక్కుంటూ వెళ్లి, ఎదురుగా కూర్చుని విని 'మనకు తెలియని మన చరిత్ర' (1986) తెచ్చింది. ఆ పోరాటానికీ ఆ పుస్తకానికీ మధ్య దాదాపు నలభై ఏళ్లు గడిచాయి. ఇప్పుడు ఆ సినిమాలకూ నలభై దాటాయి. నిపాణిలో, పూణేలో, హైదరాబాద్ బస్తీల్లో ఆ దుప్పటి ముందు కూర్చున్నవాళ్లలో అప్పటి పాతికేళ్ల వాళ్లకు ఇప్పుడు డెబ్బై దగ్గరపడుతోంది.