గోరా నాస్తికవాదం

దేవుణ్ణి నమ్మకపోయినా మనిషి నీతిగా, అర్థవంతంగా జీవించగలడని, ఆ నమ్మకాన్ని విడిచినప్పుడే తన పనులకు తాను పూర్తి బాధ్యుడవుతాడని చెప్పే తాత్త్విక ధోరణి. దీని రూపకర్త గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావు (1902–1975). వృక్షశాస్త్ర అధ్యాపకుడిగా పనిచేసిన ఆయన, తన భార్య సరస్వతితో కలిసి 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు. 1947లో అది విజయవాడకు మారింది.

విధి, కర్మ, దైవసంకల్పం అనే భావనలు మనిషిని పరాధీనుణ్ణి చేస్తాయన్నది గోరా వాదం. నీతికి ఆధారం సాంఘిక జీవనం: కలిసి బతకాల్సినవారు ఒకరికొకరు జవాబుదారులు. జీవితానికి అర్థం ముందే నిర్ణయమై ఉండదు. మనిషే దాన్ని కల్పించుకోవాలి. అస్పృశ్యతా నిర్మూలన, సహపంక్తి భోజనాలు, కులాంతర వివాహాలు ఈ వాదానికి ఆచరణ రూపాలు.

దైవాజ్ఞ లేనిదే ధర్మానికి తిరుగులేని ప్రమాణం ఉండదన్నది ఆస్తికుల ప్రధాన ఆక్షేపణ. అయితే ‘సత్యమే దేవుడు’ అన్న గాంధీ గోరాతో చర్చలు జరిపి, ఆయన సేవను ఆదరించారు. మరోవైపు దైవ విశ్వాసంతోనూ సంస్కరణ సాగింది: ఏకేశ్వర విశ్వాసి కందుకూరి వీరేశలింగం 1881లోనే వితంతు వివాహం జరిపించారు. సంఘ సంస్కరణకు తెలుగునాట విశ్వాసం, అవిశ్వాసం రెండూ ప్రేరణలయ్యాయి.