బందరు బాట

ఫార్సీలో ‘బందర్’ అంటే రేవు. మచిలీపట్నాన్ని జనం నేటికీ బందరు అనే పిలుస్తారు. పేరులోనే రేవున్న వూరది. అయితే రేవుకు సముద్రం ఒక్కటి వుంటే చాలదు, వెనుక దారి కూడా వుండాలి. బందరు చరిత్ర మనకు నేర్పే పాఠం యిదే.

కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ రాజ్యానికి ముఖ్యమైన రేవు బందరు. డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను యిక్కడికి వచ్చారు. ఈరాను, అరేబియా, బర్మా, సుమత్రా రేవులకు యిక్కడి నుండి ఓడలు నడిచేవి. నేత బట్టలు, అద్దకపు బట్టలు ఎగుమతి అయ్యేవి. మక్కా వెళ్ళే హాజీలు కూడా యిక్కడ ఓడ ఎక్కేవారు.

మరి గోల్కొండ సరకు యింత దూరం ఎలా వచ్చేది? 17వ శతాబ్దంలో యీ దారిన తిరిగిన టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు, సూటిగా వస్తే 100 కోసులు, కొల్లూరు గని మీదుగా అయితే 112 కోసులు అని రాశాడు. కొండలు, చెరువులు, ఏళ్ళు అడ్డం వచ్చి బండ్లు సాగేవి కావట. తన చిన్న బండిని ఎన్నోచోట్ల వూడదీసి దాటించాల్సి వచ్చిందట! అందుకే బరువంతా పెరికెద్దుల వీపుల మీదే సాగేది.

దారి అంటే బాటసారికి నీడ, నీళ్ళు కూడా. హైదరాబాదుకు చేరువలో యీ బాట మీదున్న హయాత్‌నగర్, హయాత్ బక్షీ బేగం పేర వెలసింది. అక్కడి మసీదు చుట్టూ సరాయి గదులు, దగ్గరలో పెద్ద దిగుడుబావి వున్నాయి. ఆమె కుమారుడు అబ్దుల్లా కుతుబ్‌షా 1639లో స్వయంగా బందరు వచ్చి రేవును చూసి వెళ్ళాడు.

1687లో గోల్కొండ మొగలుల వశమైంది. 1759లో బందరు ఇంగ్లీషువారి చేతికి పోయింది. 1864 తుఫానులో సుమారు 30,000 మంది చనిపోయారు. తీరంలో లోతు తక్కువ గనుక పెద్ద ఓడలు దూరానే లంగరు వేసేవి, సరకు పడవల మీద దించాలి. 1855లో కృష్ణ ఆనకట్ట కట్టాక కాలువ పడవలు బెజవాడను బందరుతో కలిపిన మాట నిజమే. కాని 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది. 1899లో బెజవాడకు మద్రాసుతో రైలు కలిసింది. బందరుకు రైలు వచ్చేసరికి 1908 అయింది. అప్పటికే లోపలి సరకుకు మద్రాసు దారి తెరుచుకుంది. 1933లో విశాఖ హార్బరు కూడా వచ్చింది. దారి ఎటు మళ్ళితే వర్తకం అటే పోతుంది గదా!

2023 మే నెలలో మంగినపూడి దగ్గర కొత్త రేవు పనులు మొదలయ్యాయి. సంతోషం. లోపలి వూళ్ళ రైతు, నేతగాడు తమ సరకును అక్కడికి తేలిగ్గా చేర్చుకోగలిగితేనే ఆ రేవు నిలుస్తుంది. చదువుల కోసం, వుద్యోగాల కోసం హైదరాబాదు వెళ్ళే మన పిల్లలకు చెప్పండి: హయాత్‌నగర్‌లో ఒకసారి బస్సు దిగి ఆ సరాయి చూడమని. బాటసారుల కోసం మన పెద్దలు ఏమి కట్టారో వాళ్ళకు తెలియాలి.